మల్దకల్ సంతలో ధర ఎవరి నోట?

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న నేలను ఇక్కడివారు నడిగడ్డ అని పిలుచుకుంటారు. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే రహదారిలో బీచుపల్లి వంతెన మీదుగా కృష్ణను దాటితే ఆ నేల మొదలవుతుంది. ఎర్రవల్లి చౌరస్తా వద్ద కుడికి మళ్లితే గద్వాల, గద్వాల నుంచి అయిజ దారి పట్టితే మల్దకల్. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మారుమూల మండలం. నేడు జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. మల్దకల్ అనగానే చుట్టుపక్కల వారికి తిమ్మప్ప ఆలయమూ, చలికాలంలో అక్కడ జరిగే జాతరా గుర్తుకు వస్తాయి. మేము వెళ్లినది జాతరకు కాదు. సెప్టెంబరు నెలలో, చేలన్నీ పత్తి పూతతో ఉన్న రోజులలో, ఒక పాత విద్యార్థి పిలుపు మీద వెళ్లాము.

రెండు నదుల మధ్య నేలకు నీటి కొదవ ఏమిటని దూరాన ఉన్నవారు అనుకోవచ్చు. నదులు పల్లాన పారుతాయి, చేలు మెట్టన ఉంటాయి. కష్టమంతా అక్కడే ఉన్నది. కృష్ణపై జూరాల ప్రాజెక్టు 1995 నాటికి పూర్తయినా మల్దకల్, గట్టు వంటి ఎత్తైన మండలాలకు ఆ నీరు అందలేదు. జూరాల వెనుక జలాలను పంపులతో ఎత్తిపోసే నెట్టెంపాడు పథకం వచ్చిన తరువాతే గూడెందొడ్డి, ర్యాలంపాడు జలాశయాలు నిండడం, ఈ మండలంలోని తాటికుంటకు నీరు చేరడం మొదలైంది. రెండు లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది ఆ పథకం లక్ష్యం. కాలువ చేరిన ఊళ్లో ఒక రకం బతుకు, చేరని ఊళ్లో బోరును నమ్ముకున్న మరొక రకం బతుకు కనబడతాయి. అంతకు ముందు తరం వారిని దేశమంతా 'పాలమూరు లేబర్' అన్న పేరుతోనే ఎరుగును. ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసిన ఆ చేతుల మనవలే నేడు తమ ఊరి కాలువ గట్టున నిలబడి, ఉండాలా పోవాలా అని ఆలోచిస్తున్న యువరైతులు.

మా పాత విద్యార్థి వారిలో ఒకడు. పదిహేనేళ్ల క్రితం మా మద్రసాలో హిఫ్జ్ పూర్తి చేశాడు. కొంతకాలం హైదరాబాదులో ఒక దుకాణంలో పనిచేసి, తండ్రి మరణానంతరం ఊరికి వచ్చేశాడు. సొంతం మూడెకరాలు, కౌలుకు రెండెకరాలు. ఊరి పేరు చెప్పము. మండలంలో ఏ ఊరికి వెళ్లినా ఇటువంటి కుర్రవాడు ఒకడు కనబడతాడు. ఫజర్ నమాజ్ ముగియగానే మమ్మల్ని చేనికి తీసుకువెళ్లాడు.

అక్కడ చూసిన పని మాకు కొత్త. అది దూది కోసం వేసిన పత్తి కాదు, విత్తనం కోసం వేసిన పత్తి. నడిగడ్డ దేశంలోనే పేరుపడ్డ విత్తన పత్తి ప్రాంతం. ఆడ మొక్కల వరుసలు ఎక్కువ, పక్కన మగ మొక్కల వరుసలు కొద్దిగా. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను ముందు రోజు మధ్యాహ్నం నుంచి వెతికి, రేకులనూ పుప్పొడి తిత్తులనూ గోటితో ఒలిచివేసి, లోపలి కీలాగ్రాన్ని మాత్రం మిగల్చాలి. తెల్లవారాక మగ పువ్వును తెచ్చి దానికి పుప్పొడి రుద్దాలి. దీన్ని వారు క్రాసింగ్ అంటారు. యంత్రం లేదు, ప్రతి పువ్వుకూ ఒక మనిషి వేళ్లు కావాలి. వారాల తరబడి, పూట తప్పకుండా జరగాలి. అందుకే ఈ పనికి కూలి ఖర్చు మిక్కిలి ఎక్కువ. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి ఈ చేలలో ఒకప్పుడు బడి ఈడు పిల్లలను దింపడం అందరూ ఎరిగిన విషయమే. చిన్న వేళ్లు మొగ్గను చక్కగా ఒలుస్తాయట! 2011 జనగణనలో ఈ ప్రాంతపు అక్షరాస్యత సగం దాటలేదన్న సంగతిని ఆ మాట పక్కన పెట్టి చదువుకోవాలి.

"హజ్రత్, ఈ పత్తి మా చేనిలో పండుతుంది గానీ మాది కాదు" అన్నాడు మా విద్యార్థి. అర్థం చెప్పమన్నాము. మూల విత్తనం కంపెనీది. అది రైతుకు నేరుగా రాదు, ఆర్గనైజర్ అనే మధ్యవర్తి ద్వారా వస్తుంది. ఎరువు, మందు, కూలి డబ్బు కూడా చాలామందికి అతడే సర్దుతాడు. దానిపై నూటికి నెలకు రెండో మూడో రూపాయల మిత్తి పడుతుంది. పంట వచ్చాక గింజ మొత్తం అతడి చేతికే వెళ్లాలి, బయట అమ్మడానికి వీలు లేదు. అది అక్కడి నుంచి పరీక్షకు వెళుతుంది. గింజను మళ్లీ నాటి, మొలిచిన మొక్కలలో జాతి కలిసిందా లేదా అని చూస్తారు. పాసైతే లెక్క కడతారు, ఫెయిలైతే పంట వెనక్కి వస్తుంది. అసలు, మిత్తి కోసుకోగా మిగిలినది ఎప్పటికో చేతికి వస్తుంది. ఆ పరీక్ష ఏ ఊరి నేల మీద జరిగిందో, ఎవరు చూశారో రైతుకు తెలియదు. అతడికి తెలిసేది ఒక్క మాట, పాస్ లేక ఫెయిల్.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. కాలం కలిసివచ్చిన ఏడు విత్తన పత్తి ఇచ్చే ఆదాయం ఈ మెట్ట నేలలో మరే పంటా ఇవ్వదు. మేము చూసిన పక్కా ఇళ్లలో కొన్ని ఆ డబ్బుతో లేచినవే. అందుకే ఏటేటా మళ్లీ అదే వేస్తారు. 2025 వానకాలంలో కంపెనీలు ఇకపై తక్కువ గింజే కొంటాయన్న కబురు రాగానే నడిగడ్డ రైతులు రోడ్ల మీదకు వచ్చారు. అప్పటికి విత్తనం భూమిలో పడిపోయింది, పెట్టుబడి సగం అయిపోయింది. కొనేవాడు ఒక్కడే అయిన చోట ఆ ఒక్కడి మాట మారితే ఏమవుతుందో ఆ రోజులలో ఊరూరా తెలిసింది.

మద్రసాలో ఏటేటా కితాబుల్ బుయూఅ, అంటే క్రయవిక్రయాల అధ్యాయం, మేము బోధిస్తూనే ఉంటాము. అందులో బైఅ సలమ్ అనే ఒప్పందం ఉన్నది. పంట చేతికి రాకముందే అమ్ముకోవడానికి ధర్మశాస్త్రం ఇచ్చిన దారి అది. దైవప్రవక్త (సఅసం) మదీనాకు వచ్చేనాటికి అక్కడి ప్రజలు ఖర్జూరాలపై ఏడాదికి, రెండేళ్లకు ముందుగా సొమ్ము ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఆయన దానిని నిషేధించలేదు. కొలత తెలియాలి, తూకం తెలియాలి, గడువు తెలియాలి అని షరతులు పెట్టారు. మన ఫిఖ్‌హ్ పండితులు మరొకటి చేర్చారు: ధర మొత్తం ఒప్పందం కుదిరిన ఆ కూర్చున్న చోటనే రైతు చేతిలో పడాలి. ఇచ్చిన సొమ్ము అప్పు కాదు, సరుకు ధర. కనుక దానిపై మిత్తి అన్న ప్రశ్నే పుట్టదు. ఆ చేని గట్టున నిలబడి మేము ఆ షరతులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నాము. ఇక్కడ ధర ముందు చేతికి రాదు, వచ్చేది మిత్తి మీద అప్పు. కొనే పరిమాణం మధ్యలో మారుతుంది. సరుకు ముందు పోతుంది, సొమ్ము తరువాత వస్తుంది, ఎప్పుడన్నది నిలకడ లేదు. సలమ్‌ను తలకిందులు చేసినట్లున్నదని మా విద్యార్థితో అన్నాము. "ఆ పాఠం గుర్తున్నది హజ్రత్, పరీక్షలో రాశాను కూడా" అని నవ్వాడు.

ఇక సంత విషయం.

అయిదెకరాలలో అర ఎకరం అతడు పత్తి నుంచి తప్పించాడు. బెండ, బీర, గోరుచిక్కుడు, గోంగూర, గట్ల మీద కొంత అలసంద వేశాడు. మేము వెళ్లిన నాడు సంత. తెల్లవారకముందే కోసిన కాయను గంపలకెత్తి, గోనెసంచి తడిపి పైన కప్పి, ఆటోలో వేసుకొని బయలుదేరారు. తల్లి, కొడుకు, మేము. తల్లి తక్కెడ దగ్గర కూర్చుంటుంది, కొడుకు సరుకు దింపుతాడు. మన ఇళ్లలో ఆడవారు సంతలో కూర్చోవడం ఏమిటని వెనుక అన్నవారు ఉన్నారట. హజ్రత్ ఖదీజా (రజి) గారి వాణిజ్యం గురించి పిల్లలకు పాఠం చెప్పే మనకు, ఒక వితంతువు తన చేని బెండకాయను తన చేతితో తూచి అమ్మడం ఎందుకు తప్పుగా తోస్తుందో మాకు బోధపడలేదు.

సంతలో ఆర్భాటమేమీ లేదు. రోడ్డు వెంట పరచిన గోనెపట్టాలు, కర్రలకు కట్టిన నీలం టార్పాలిన్లు, ఎండుమిర్చి ఘాటు, మరమరాలు, బొరుగుల మూటలు, చెప్పులు కుట్టేవాడు, ప్లాస్టిక్ బిందెలవాడు. ఉల్లి కుప్పల పక్కన వేరుశనగ, పిల్లలకు మిఠాయి. కూరగాయల వరుసలో పెద్ద వ్యాపారులు ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకొని కూర్చున్నారు. వారి సరుకు పట్నం మార్కెట్ నుంచి లారీలో వచ్చినది. చేని నుంచి నేరుగా తెచ్చినవారు వరుస చివర ఉంటారు. అయినా కొనేవారు ఆ చివరిదాకా నడిచి వస్తారు. బెండకాయ కొన విరిచి చూస్తారు, టప్పున విరిగితే లేతది. "ఏ ఊరిది బిడ్డా?" అని అడుగుతారు. ఊరు చెప్పగానే సగం నమ్మకం కుదురుతుంది.

ఆ తల్లి కిలో నలభై అన్నది. కొనేవారు ముప్పై అన్నారు. ముప్పై అయిదుకు తెగింది. తూచి, పైన మరొక గుప్పెడు వేసింది. అది కొసరు. కొసరు లేకుండా నడిగడ్డలో బేరం ముగియదు. తూచేవాడితో తక్కెడ కాస్త కొనేవాని వైపు మొగ్గేలా తూచమని దైవప్రవక్త (సఅసం) చెప్పిన హదీసు మాకు గుర్తుకు వచ్చింది. దివ్య ఖుర్ఆన్‌లో తూకంలో తగ్గించేవారి పేరు మీద ఒక సూరా ఉన్నది, ఎనభై మూడవది. హదీసు బోధించిన ఆ మొగ్గును ఇక్కడి పల్లె ప్రజలు అన్ని మతాలవారూ కొసరు అన్న పేరుతో పాటిస్తున్నారు.

సంతలో గిట్టేది ఎక్కువ అని చెప్పలేము. అర ఎకరం కూరగాయ ఎంత ఇచ్చినా విత్తన పత్తి మంచి ఏడు ఇచ్చినంత ఇవ్వదు. అయినా ఆ కుర్రవాడిని సంత లాగుతున్నది. ఎందుకని అడిగాము. మొదట సరైన జవాబు రాలేదు. తరువాత ఆటో దగ్గర టీ తాగుతూ చెప్పాడు: "పత్తి ధర ఎవడో చెప్తాడు హజ్రత్. ఇక్కడ ధర మా అమ్మ చెప్తుంది. తగ్గించాల్సి వచ్చినా ఆమే తగ్గిస్తుంది." ఇంకొక మాట కూడా చెప్పాడు. అది మాకు అసలైనదిగా తోచింది. క్రాసింగ్ కూలీలకు వారం వారం డబ్బు ఇవ్వాలి. పత్తి డబ్బు వచ్చేది ఏడాది చివర. ఆ మధ్య కాలానికే ఆర్గనైజర్ దగ్గర అప్పు చేయవలసి వచ్చేది. ఇప్పుడు సంత డబ్బు వారానికి ఒకసారి నోట్ల రూపంలో చేతికి వస్తున్నది, అదే కూలికి వెళుతున్నది. అన్ని వారాలకూ చాలదు. కాని చాలినన్ని వారాలు అతడు మిత్తి డబ్బు ముట్టడం లేదు. వడ్డీ నుంచి దూరంగా ఉండండని మేము మింబరు మీద నుంచి చెబుతూనే ఉంటాము. ఎలా ఉండాలో ఈ కుర్రవాడు అర ఎకరం గోరుచిక్కుడులో వెతుక్కున్నాడు.

హిజ్రత్ చేసి మదీనాకు వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వద్ద ఏమీ లేదు. అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానంటే దుఆ చేసి, బజారు దారి చూపించమని మాత్రం అడిగారు. సాయంత్రానికి కొంత నెయ్యి, జున్ను సంపాదించి తెచ్చారు. ఈ వృత్తాంతాన్ని మనం కష్టపడి పనిచేయడానికి ఉదాహరణగా చెప్పి ఊరుకుంటాము. ఆయన అడగగానే చూపించడానికి అక్కడ అందరికీ తెరచిన బజారు ఒకటి ఉండడం కూడా ముఖ్యమే. దైవప్రవక్త (సఅసం) మదీనాలో ముస్లిముల కోసం ఒక బహిరంగ స్థలాన్ని బజారుగా నిర్ణయించి, అందులో సుంకం విధించరాదన్నారని హదీసు గ్రంథాలలో ఉన్నది. పల్లె నుంచి సరుకుతో వచ్చేవారిని ఊరి బయటే అడ్డగించి, బజారు ధర తెలియకముందే కొనేయడాన్ని ఆయన నిషేధించారు. పట్నవాసి పల్లెవాసి తరఫున అమ్మరాదన్నారు. దళారీగా ఉండరాదని దీని అర్థమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. దళారీ వృత్తి అంతా హరామ్ అని మన ఇమాములు అనలేదు, ప్రజలకు నష్టం కలిగేచోట అది తగదన్నారు. ఏ విధంగా చూసినా రైతుకు బజారు కనబడాలి, బజారుకు రైతు కనబడాలి అన్నదే ఆ ఆదేశాల వెనుక ఉన్న ఉద్దేశమని మాకు తోస్తుంది.

మన సంతలలో సుంకం ఉన్నది. దానిని తైబజార్ అంటారు. పారసీ మాట 'తహ్‌బాజారీ' ఇక్కడి నోళ్లలో అలా స్థిరపడింది. పంచాయతీ ఏడాదికొకసారి సంత వేలం వేస్తుంది, పాడుకున్నవాడు గంపకింత అని వసూలు చేస్తాడు. పెబ్బేరులో శనివారం జరిగే పశువుల సంత వంటి పెద్ద సంతల వేలం పెద్ద వ్యవహారం. తైబజార్ తీసుకున్నవారు నీడ, నీరు, మరుగుదొడ్డి కల్పిస్తే అనేదేమీ లేదు. మేము చూసిన చోట ఆ తల్లి పొద్దుటి నుంచి అసర్ వేళ దాకా నీళ్లు తాగకుండా కూర్చున్నది. ఎందుకో వేరే చెప్పనవసరం లేదు.

రైతు నేరుగా అమ్ముకునే ఏర్పాటు ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. రైతుకు గుర్తింపు కార్డు, బోర్డు మీద ఆనాటి ధర, మధ్యవర్తి లేని అమ్మకం. ఆలోచన చక్కనిది. కాని అవి ఎక్కువగా పట్టణాలలో వెలిశాయి. మల్దకల్ కుర్రవాడు రెండు గంపలతో హైదరాబాదు వెళ్లి వస్తే ఆటో, బస్సు చార్జీలకే సరిపోతుంది. పెద్ద మార్కెట్లకు పంపితే ఏమవుతుందన్నది 2024లో రిజర్వు బ్యాంకు అధ్యయనాలు తేల్చాయి. వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది 33 పైసలు, ఉల్లికి 36, ఆలుగడ్డకు 37. మిగిలినది దారిలో ఉన్నవారిది. టమాటా సంగతి అందరికీ తెలిసినదే. 2023 జూలైలో నగరాలలో కిలో వంద దాటి ఇంకా పైకి ఎగబాకింది. ఆ ధర చూసి వేసినవారి పంట వచ్చేసరికి సెప్టెంబరులో పత్తికొండ మార్కెట్లో కోత కూలి కూడా రాలేదు.

సంతకు కూడా హద్దు ఉన్నది. దానిని దాచడం మంచిది కాదు. పది మంది అర ఎకరం చొప్పున బెండ వేస్తే మల్దకల్ సంత తింటుంది. వందమంది వేస్తే ఆ తల్లి చెప్పే ధరకు విలువ ఉండదు. సాయంత్రానికి మిగిలినది పాడవుతుంది, చల్లని గిడ్డంగి దగ్గరలో లేదు. కనుక సంతే పరిష్కారమని మేము అనము. పత్తి పూర్తిగా మానేయమని కూడా ఎవరికీ చెప్పము. ఒప్పందం రాతలో ఉండాలి, రైతుకు తెలిసిన భాషలో ఉండాలి, ధర విత్తనం వేయకముందే తేలాలి, పరీక్ష రైతు ఎదుట జరగాలి. ఇవి అడగడానికి ఒంటరి రైతుకు బలం చాలదు, ఊరంతా కలిసి అడగాలి. చేతిలో వారం వారం ఎంతో కొంత నగదు ఉన్నవాడు కాస్త నిటారుగా నిలబడి అడగగలడు. సంత వల్ల మేము గమనించిన మేలు అది.

కౌలు రెండెకరాల సంగతి వేరు. 2018లో రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయలతో మొదలైనప్పుడు ఆ సొమ్ము పట్టా ఉన్నవారికే వెళ్లింది, దున్నే కౌలుదారుకు కాదు. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. కార్డు సంగతి ఏమిటని మా విద్యార్థిని అడిగితే, "ఏ కార్డు హజ్రత్?" అన్నాడు.

ఇక గృహిణులు, తల్లిదండ్రులు చదివే పత్రిక గనుక ఒక విషయం వారికే చెప్పవలసి ఉన్నది. ఈ ఊళ్లలో వ్యవసాయం చేసే కుర్రవాడికి పిల్ల దొరకడం లేదు. మా విద్యార్థికి తమ్ముడు ఉన్నాడు, ఇరవై ఎనిమిదేళ్లు, డిగ్రీ చదివి అన్నతో కలిసి సేద్యం చేస్తున్నాడు. రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. ఒకచోట పిల్ల తండ్రి, పట్నంలో ఏ పని అయినా సరే, చేను మాత్రం వద్దన్నాడట. ఆ తండ్రి కూడా రైతే! నగరంలో అద్దె గదిలో ఉంటూ మోటారు సైకిల్ మీద భోజనం పొట్లాలు చేరవేసే కుర్రవాడికి త్వరగా నికాహ్ కుదురుతున్నది. ఆ పని తక్కువదని మా ఉద్దేశం కాదు, అదీ హలాల్ సంపాదనే. కాని మదీనాలో ముహాజిర్లను ఇళ్లలో చేర్చుకొని ఆదరించిన అన్సారులు ఖర్జూర తోటల రైతులని మనమే పిల్లలకు చెబుతాము. సంబంధం చూసే నాడు మాత్రం ఆ పాఠం ఎవరికీ గుర్తు రాదు.

అసర్ నమాజ్‌కు మేము పక్క వీధిలోని మస్జిద్‌కు వెళ్లి వచ్చేసరికి గంపలలో గోంగూర కట్టలు నాలుగైదు, బీరకాయలు కొన్ని మిగిలాయి. వాటిని ఆ తల్లి పక్కన కూర్చున్న మిర్చి అమ్మే ముసలమ్మకు ఇచ్చి, బదులుగా రెండు గుప్పిళ్ల మిర్చి తీసుకున్నది. బేరం లేదు, తూకం లేదు. కొడుకు నోట్లు లెక్కపెట్టి రెండు భాగాలు చేశాడు. పెద్ద భాగాన్ని జేబు లోపలి సంచిలో పెట్టాడు. మరునాటి ఉదయం క్రాసింగ్‌కు ఏడుగురు వస్తారట, వారి వారం కూలి అది. గోరుచిక్కుడు వచ్చే సంతకు రెండవ కోత. కాయ ముదరకుండా ఉండాలంటే రేపు రాత్రికి నీరు పెట్టాలని, కరెంటు ఎన్ని గంటలకు వస్తుందో కనుక్కోమని తల్లి ఆటో ఎక్కుతూ కొడుకుకు చెబుతున్నది.